డాంగిల్ పెట్టినా లినక్స్‌లో నెట్ రాకపోతే

డాంగిల్ (సిమ్ వేసి యూఎస్‌బీలో పెట్టే నెట్ పరికరం) పెట్టాక నెట్ రాలేదంటే లినక్స్ వాడేవాళ్ళు ముందు డ్రైవర్ కోసం వెతుకుతారు. చాలాసార్లు డ్రైవర్ లినక్స్ మూలభాగమైన కెర్నెల్‌లోనే ఉంటుంది, చిక్కు మాత్రం ఇంకోచోట. యూఎస్‌బీ, సిమ్, టవర్, ఏపీఎన్ (సిమ్ కంపెనీ నెట్‌కి దారిచూపే పేరు) అనే వరసలో చూసుకుంటూ వస్తే దొరికిపోతుంది. మన సిక్కోలు జిల్లాలో దీనికి తోడు ఒడిశా సరిహద్దు చిక్కు కూడా ఉంది.

టెర్మినల్‌లో ఎల్ఎస్‌యూఎస్‌బీ కొట్టండి. డాంగిల్ పేరుకి ముందు కోలన్‌కి అటూ ఇటూ రెండు కోడ్‌లుంటాయి. రెండోది చూడండి. పాత హువావే 3జీ డాంగిళ్ళు కొన్నిటిలో అది 1446 అని ఉంటే, డాంగిల్ ఇంకా విండోస్ సాఫ్ట్‌వేర్ ఉన్న సీడీలాగే కనిపిస్తోందన్నమాట. యూఎస్‌బీ-మోడ్‌స్విచ్ ప్యాకేజీ వేస్తే మోడెమ్‌గా మారి 1001 లాంటి వేరే కోడ్ చూపిస్తుంది. ఆ ప్యాకేజీ దించుకోవడానికి ఫోన్‌లో యూఎస్‌బీ టెథరింగ్ పెట్టుకుంటే చాలు.

డీఎంఈఎస్‌జీ అనే కమాండ్ చూపే కెర్నెల్ సందేశాల్లో డాంగిల్ మాటిమాటికీ ఊడి మళ్ళీ తగులుకుంటున్నట్టు కనిపిస్తే కరెంటు చాలకపోవచ్చు. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లే. దాన్ని హబ్‌లో పంచుకోనివ్వకుండా డాంగిల్‌ని నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టండి. టీఎల్‌పీ (బ్యాటరీ ఆదా చేసే ప్రోగ్రాం) వాడుతుంటే దాని సెట్టింగుల్లో యూఎస్‌బీ_ఎక్స్‌క్లూడ్_డబ్ల్యూవ్యాన్ విలువ 1 చేయండి, లేకపోతే బ్యాటరీ ఆదా కోసం డాంగిల్‌ని నిద్రపుచ్చేస్తుంది.

హైలింక్ రకం డాంగిళ్ళు మోడెమ్‌గా కాక నెట్‌వర్క్ కార్డుగా కనిపిస్తాయి. వాటికి లినక్స్‌లో కనెక్షన్లు చూసుకునే నెట్‌వర్క్‌మేనేజర్‌లో ఏపీఎన్ రాసి ఉపయోగం లేదు. బ్రౌజర్‌లో 192.168.8.1 తెరిచి అక్కడే మార్చాలి.

మిగతావాటికి మోడెమ్‌ని నడిపే మోడెమ్‌మేనేజర్ అనే ప్రోగ్రాం ఉండాలి. డాంగిల్ పెట్టి అర నిమిషం ఆగి దాని కమాండ్ ఎంఎంసీఎల్ఐ పక్కన మైనస్, పెద్ద ఎల్ కొట్టండి. వచ్చిన నంబరు 0 అయితే 'ఎంఎంసీఎల్ఐ -ఎం 0' కొట్టి స్టేట్ వరస చదవండి. 'లాక్డ్' అంటే సిమ్ పిన్ అడుగుతోంది. 'సెర్చింగ్' దగ్గరే ఆగిపోతే టవర్ దొరకలేదు. 3జీ డాంగిల్‌లో జియో సిమ్ వేస్తే ఎంతసేపున్నా ఇలాగే ఉంటుంది, ఎందుకంటే జియోకి 2జీ, 3జీ లేవు. ఎయిర్‌టెల్ కూడా 2020లో 3జీ ఆపేసింది. అలాంటి డాంగిల్ మీద ఇంక డబ్బు పెట్టకండి.

ఇచ్ఛాపురం, పాతపట్నం వైపు మోడెమ్ మన సర్కిల్ (టెలికం పరిధి) టవర్‌కి బదులు ఒడిశా టవర్‌ని పట్టుకోవచ్చు. అప్పుడు స్టేట్ 'రిజిస్టర్డ్' అనే ఉంటుంది, కింద రిజిస్ట్రేషన్ వరసలో మాత్రం 'రోమింగ్' అని పడుతుంది. కనెక్షన్‌లో రోమింగ్ అనుమతి తీసేసి ఉంటే సిగ్నల్ నిండా ఉన్నా నెట్ రాదు. నెట్‌వర్క్‌మేనేజర్ కమాండ్ ఎన్ఎంసీఎల్ఐతో జీఎస్ఎం.హోమ్-ఓన్లీ విలువ 'నో' చేయండి. మన టవరే కావాలంటే ఎంఎంసీఎల్ఐలో 3జీపీపీ-స్కాన్ చేసి, టైమవుట్ 300 ఇచ్చి ఓపిగ్గా ఆగండి. అందులో వచ్చిన ఆపరేటర్ కోడ్‌ని జీఎస్ఎం.నెట్‌వర్క్-ఐడీలో రాయాలి. అయితే ఆ టవర్ సిగ్నల్ పోతే మోడెమ్ ఇంకోదానికి మారదు, నెట్ తెగిపోతుంది. అందుకే ఊళ్ళు తిరిగే ల్యాప్‌టాప్‌కి ఇది పెట్టవద్దని నా సలహా.

సిగ్నల్ గీతల్ని నమ్మకండి. ఎంఎంసీఎల్ఐలో సిగ్నల్-సెటప్=10 ఇచ్చి, తర్వాత సిగ్నల్-గెట్‌లో ఆర్‌ఎస్‌ఆర్‌పీ (4జీ సిగ్నల్ బలం) చూడండి. మైనస్ 90 బాగున్నట్టు, మైనస్ 110 కంటే దిగజారితే కష్టం. ఉద్దానం కొబ్బరి తోటల మధ్య ఇళ్ళలో చెట్ల ఆకులే సిగ్నల్‌ని తినేస్తాయి. రెండు మూడు మీటర్ల యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ తీగతో డాంగిల్‌ని కిటికీలో ఎత్తుగా పెట్టి, అంకె మారిందేమో చూడండి. 5 మీటర్లు మించిన మామూలు తీగ వద్దు.

ఏపీఎన్ విషయానికొస్తే జియోకి జియోనెట్, బీఎస్ఎన్ఎల్‌కి బీఎస్ఎన్ఎల్‌నెట్, ఎయిర్‌టెల్‌కి ఎయిర్‌టెల్‌జీపీఆర్‌ఎస్.కామ్. అన్నీ ఇంగ్లీషు చిన్నక్షరాలు, మధ్యలో ఖాళీ ఉండకూడదు.

'కనెక్టెడ్' వచ్చినా పేజీలు తెరుచుకోకపోతే 8.8.8.8కి పింగ్ చేయండి. జవాబొస్తే తప్పు డీఎన్ఎస్‌ది (సైట్ పేరుని అంకెల చిరునామాగా మార్చేది), కనెక్షన్ సెట్టింగుల్లో అదే అంకె డీఎన్ఎస్‌గా రాయండి. కొన్ని సైట్లు మాత్రమే సగంలో ఆగిపోతుంటే ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1400కి తగ్గించి, కనెక్షన్ ఒకసారి ఆపి మళ్ళీ పెట్టండి.