స్టాఫ్ నర్స్ పరీక్షలో పరిశోధన, గణాంకాలు: రిజిస్టర్లు పక్కన పెట్టుకుని చదివిన పద్ధతి

తెలంగాణలో వైద్య ఆరోగ్య సేవల నియామక బోర్డు నిర్వహించే స్టాఫ్ నర్స్ పరీక్షకు చదివేవారిలో చాలామంది కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్‌ను చివరి వారానికి నెట్టేస్తారు. నర్సింగ్ రీసెర్చ్, స్టాటిస్టిక్స్ జోలికైతే అసలు వెళ్ళరు. గత నోటిఫికేషన్‌లో 100 పాయింట్లకు 80 రాత పరీక్షకు, 20 ప్రభుత్వ సంస్థల్లో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సేవకు కేటాయించారు. సేవా పాయింట్లను చదువుతో పెంచుకోలేము కనుక, మిగతావారు వదిలేసే భాగంలో వచ్చే రెండు మూడు మార్కులకు విలువ ఎక్కువ. నేను పల్లె దవాఖానాలో కాంట్రాక్టు ఉద్యోగం చేస్తూనే చదివాను. ఆ భాగం నాకు గైడు పుస్తకాల కంటే మా రిజిస్టర్ల వల్లనే ఎక్కువ అర్థమైంది.

సెన్సిటివిటీ (జబ్బు ఉన్నవారిలో పరీక్ష పట్టుకునేవారి శాతం), స్పెసిఫిసిటీ (జబ్బు లేనివారిలో నెగటివ్ వచ్చేవారి శాతం) నిర్వచనాలను బట్టీ పడితే పరీక్ష హాలులో ఒకటి మరొకటిగా తారుమారవుతాయి. అందుకని లెక్కగా వేసి చూడాలి. ఒక ఊరిలో 1,000 మంది పెద్దలకు ఏదో ఒక స్క్రీనింగ్ పరీక్ష చేశామనీ, వారిలో నిజంగా షుగర్ ఉన్నవారు 100 మంది అనీ, ఆ పరీక్షకు సెన్సిటివిటీ, స్పెసిఫిసిటీ రెండూ 90 శాతమే అనీ అనుకుందాం. జబ్బు ఉన్న 100 మందిలో 90 మంది దొరుకుతారు, జబ్బు లేని 900 మందిలో కూడా 90 మందికి పాజిటివ్ వస్తుంది. అంటే పాజిటివ్ వచ్చిన 180 మందిలో సగం మందికి జబ్బే లేదు. అదే పరీక్షను 1,000 మందిలో 10 మందికే జబ్బు ఉన్న గుంపులో చేస్తే, పాజిటివ్ వచ్చే 108 మందిలో నిజమైన రోగులు 9 మందే. పరీక్ష మారలేదు, కిట్టు మారలేదు. ప్రివలెన్స్ (జనంలో జబ్బు ఉన్నవారి వాటా) తగ్గేసరికి పాజిటివ్ ప్రెడిక్టివ్ వాల్యూ (పాజిటివ్ వచ్చినవారిలో నిజమైన రోగుల వాటా) పడిపోయింది. ఈ లెక్కను ఒకసారి చేత్తో వేసినవారికి ఈ అంశం మీద ఏ ప్రశ్న వచ్చినా తడబాటు ఉండదు.

ఆశా కార్యకర్త 30 ఏళ్ళు నిండినవారి ఇళ్ళకు వెళ్ళి సీబ్యాక్ ఫారం (జబ్బుల ముప్పును స్కోరుగా అంచనా వేసే ప్రశ్నల పత్రం) నింపడం వెనుక ఉన్న ఆలోచన కూడా దీనితోనే స్పష్టమవుతుంది. వయసు, పొగాకు, మద్యం, వ్యాయామం, కుటుంబంలో జబ్బుల చరిత్రతో పాటు టేపు పెట్టి నడుము కొలుస్తారు. స్త్రీలకు 80 సెంటీమీటర్లు, పురుషులకు 90 దాటితే స్కోరు పడుతుంది. మొత్తం 4 దాటినవారిని ముందుగా స్క్రీనింగ్‌కు పిలుస్తారు. జబ్బు ఉండే అవకాశం ఎక్కువగా ఉన్న గుంపును ముందుకు తెస్తే వృథా పాజిటివ్‌ల వాటా తగ్గుతుంది. ర్యాండమ్ షుగర్ 140 దాటినా అక్కడికక్కడే షుగర్ జబ్బు అని రాయకుండా నిర్ధారణకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి (పీహెచ్‌సీ) పంపడానికి కారణం కూడా ఇదే.

ఇన్సిడెన్స్ (కొత్తగా వచ్చే కేసులు), ప్రివలెన్స్‌ల సంగతి బీపీ, షుగర్ వంటి అంటువ్యాధులు కాని జబ్బుల (ఎన్‌సీడీ) రిజిస్టరు చూస్తేనే తెలుస్తుంది. బీపీ మాత్రలు నెలనెలా సక్రమంగా అందితే పాత రోగులు ఎక్కువ కాలం బతుకుతారు. కొత్త కేసులు పెరగకపోయినా మొత్తం సంఖ్య పెరుగుతూ పోతుంది. రివ్యూ సమావేశాల్లో ఆ పెరుగుదలను చూసి జబ్బు పెరిగిందని కంగారు పడేవారు ఇప్పటికీ ఉన్నారు. ప్రివలెన్స్ అంటే ఇన్సిడెన్స్‌ను జబ్బు ఉండే వ్యవధితో గుణించడమనే సూత్రం తెలిస్తే ఆ కంగారు ఉండదు.

అధ్యయన పద్ధతులకు మహారాష్ట్రలోని గడ్చిరోలిలో వైద్యులైన అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు చేసిన పని కంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. 39 గ్రామాల్లో శిక్షణ పొందిన గ్రామ కార్యకర్తలతో ఇంటివద్దనే నవజాత శిశు సంరక్షణ అందించి, ఆ సేవ ఇవ్వని 47 గ్రామాలను కంట్రోల్‌గా ఉంచి, శిశువుల మరణాలను పోల్చారు. ఫలితాలు 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. ఇంటర్వెన్షన్ (అందించిన సేవ), కంట్రోల్ గ్రూపు, ఫలితాన్ని కొలిచే పద్ధతి మూడూ ఇందులో కళ్ళకు కట్టినట్టు ఉంటాయి. ఈనాడు ఆశాలు ఆసుపత్రి కాన్పు తరువాత 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో చేసే ఇంటి సందర్శనలకు మూలం ఇలాంటి పరిశోధనే కనుక, ఆ తేదీలు కూడా వేరుగా గుర్తు పెట్టుకోనక్కరలేదు.

ఆరోగ్య కమిటీలు, వాటి సంవత్సరాల మీద ఎక్కువ సమయం పెట్టవద్దు. భోర్ 1946, ముదలియార్ 1962, కర్తార్ సింగ్ 1973, ఆల్మా ఆటా ప్రకటన 1978 వంటివి ఒక కాగితం మీద రాసి గోడకు అంటిస్తే చాలు. జనాభా నిబంధనలు మాత్రం మైదానం, గిరిజన ప్రాంతం అని విడదీసి చదవాలి: ఉపకేంద్రానికి 5,000, 3,000, పీహెచ్‌సీకి 30,000, 20,000, సామాజిక ఆరోగ్య కేంద్రానికి (సీహెచ్‌సీ) 1,20,000, 80,000.

మార్కెట్లో దొరికే బిట్ బ్యాంకులతో (ఆబ్జెక్టివ్ ప్రశ్నల పుస్తకాలతో) ఒక ఇబ్బంది ఉంది. హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లకు 2023లో ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని పేరు మారినా, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల ఐపీహెచ్ఎస్ ప్రమాణాలను 2022లో సవరించినా, చాలా పుస్తకాల్లో 2012 నాటి సమాచారమే అచ్చవుతోంది. సందేహం వచ్చిన ప్రతి బిట్‌కూ మంత్రిత్వ శాఖ మార్గదర్శకాల్లో సంబంధిత పేజీని వెతికి నోట్సులో రాసుకుంటే, పరీక్ష తరువాత విడుదలయ్యే ప్రాథమిక కీ (జవాబుల జాబితా) మీద అభ్యంతరం పెట్టవలసి వచ్చినప్పుడు ఆధారం కోసం మళ్ళీ వెతుక్కోవలసిన పని ఉండదు.