మీరు లైన్లో ఏడో వారు

మొన్న ఒక కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశా. ఏ కంపెనీ అన్నది అనవసరం లెండి, అందరూ ఒకటే. "దయచేసి లైన్లో ఉండండి, మీరు లైన్లో ఏడో వారు" అని రికార్డు చేసిన గొంతు ఒకటి చెప్పింది, తర్వాత పాట, మళ్ళీ అదే గొంతు, మళ్ళీ అదే పాట. ఓ పావుగంట అయ్యాక విసుగు కూడా అయిపోయి ఆ మాటల మీదే పడింది బుర్ర. ఒక్క వాక్యంలో లైన్ రెండుసార్లు వచ్చింది కదా, మొదటిది తీగ, రెండోది క్యూ. తమాషా ఏంటంటే రెండూ లేవు. నా సెల్లుకి తీగ లేదు, నా ముందున్న ఆరుగురూ ఎవరి ఇంట్లో వాళ్ళు చెవికి ఫోన్ ఆనించుకుని కూర్చుని ఉంటారే తప్ప ఎక్కడా బారులు తీరి నిలబడలేదు. లేని తీగ మీద లేని వరసలో నేను ఏడోవాణ్ణి.

అసలు లైన్ అంటే ఏంటి అంటే ఎవరైనా గీత అనే చెప్తాం. స్కేలు పెట్టి గీసేదే సిసలు అర్థం, మిగతావన్నీ దాని మీద పుట్టినవి అనే నేనూ అనుకునేవాణ్ణి చాలాకాలం. కాదు. లాటిన్‌లో లీనుమ్ అంటే అవిసె మొక్క. దాని నారతో పేనిన దారం లీనియా. ఇంగ్లీషులోకి వచ్చి లైన్ అయింది. లినెన్ బట్ట, కోటు లోపలేసే లైనింగు, ఆడవాళ్ళ లోదుస్తుల్ని అనే లాంజరీ, ఆఖరికి అవిసె నూనెతో చేసి నేల మీద పరిచే లినోలియం కూడా ఆ మొక్క సంతానమే. అంటే దారం అసలు, గీత నకలు. మనం అసలర్థం అనుకునేదే ఒకప్పుడు పోలిక అన్నమాట, వాడి వాడి పోలిక అన్న సంగతే మర్చిపోయాం.

ఇది పుస్తకంలో చదివినప్పుడు ఓహో అనుకుని వదిలేశా, కానీ దారం గీత అవడం నా కళ్ళతో చూశాక గానీ ఎక్కలేదు. ఇంట్లో అల్మరా చేయించేటప్పుడు వడ్రంగి ఒక పెద్ద చెక్క ముందేసుకుని, నీలం పొడి పట్టించిన దారం తీసి ఒక కొస నా చేతికిచ్చి "గట్టిగా పట్టుకోండి సార్, కదపొద్దు" అన్నాడు. రెండో కొస తను లాగి పట్టుకుని, మధ్యలో రెండు వేళ్ళతో దారాన్ని పైకెత్తి వదిలాడు. ఠప్పుమంది అంతే. దారం తీసేస్తే చెక్క మీద ఈ చివర్నించి ఆ చివరిదాకా నీలం గీత, ఎక్కడా వంకర లేదు, స్కేలుతో గీసినా అంత బాగా రాదు. దారం చుట్టుకుంటూ "లైన్ నీట్‌గా వచ్చింది సార్" అన్నాడు. రెండు వేల ఏళ్ళ భాషా చరిత్ర ఒక్క దెబ్బతో నా ముందు జరిగిపోయింది, పాపం ఆయనకి తెలీదు.

అక్కడితో అయిపోలేదు. రంపం పట్టుకున్నాక గీత మీద కొయ్యలేదు, గీతని ఆనుకుని పక్కన కోశాడు. అదేంటంటే గీతకీ లావుంటుంది కదా, దాని మీద కోస్తే కొలత తగ్గుతుంది అన్నాడు. క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో గ్రీకు లెక్కల పండితుడు యూక్లిడ్ లైన్ అంటే వెడల్పు లేని పొడవు అని నిర్వచనం రాశాడు, అలాంటిది ప్రపంచంలో ఎవరూ గీయలేరు, పెన్సిలు ఎంత చెక్కినా ఎంతో కొంత మందం ఉండి తీరుతుంది. లెక్కల లైను చివరికి మనసులో ఉండేదే.

ఇంగ్లీషు వాళ్ళు దారంలోంచి గీత తీశారు సరే, మనవాళ్ళు దారంలోంచి ఏం తీశారో చూడండి. సూత్రం అంటే సంస్కృతంలో దారం. మంగళసూత్రంలో అది ఇంకా దారమే, గణిత సూత్రంలోకి వచ్చేసరికి దారం పోయి ఫార్ములా మిగిలింది. రెండు మాటలూ రోజూ వాడతాం, రెండిట్లో ఉన్నది ఒకే సూత్రం అని ఒక్కసారైనా తట్టిందా, నాకైతే తట్టలేదు. గుణం కూడా అంతే, మంచి గుణం చెడ్డ గుణం అంటాం గానీ ఆ మాటకి దారపు పోగు, వింటినారి అనే అర్థాలున్నాయి.

నన్ను మరీ ఆశ్చర్యపరిచింది సూత్రధారి. దారం పట్టుకునేవాడు. పాత సంస్కృతంలో ఆ మాటకి నాటకం నడిపించేవాడు అనే కాదు, వడ్రంగి, కట్టడాలు కట్టేవాడు అనే అర్థాలు కూడా ఉన్నాయి, కొలత దారం పట్టుకునేది వాళ్ళే కదా మరి. ఇవాళ పేపర్లో సూత్రధారి అని కనపడిందంటే ముందో వెనకో కుట్ర అన్న మాట ఉండి తీరాలి. ఆ లెక్కన ఆ రోజు మా ఇంట్లో వడ్రంగి అచ్చమైన సూత్రధారి, రెండో కొస పట్టుకున్న నేను ఉత్త పాత్రధారిని.

లైన్‌ని మనం తెలుగులో వాడినంతగా ఇంగ్లీషు వాళ్ళు కూడా వాడరేమో అని నా అనుమానం. అది మా లైన్ కాదండీ అంటే వృత్తి. మొండికేసినవాడు లైన్లోకి వచ్చాడు అంటే దారికొచ్చాడని. కథ మొత్తం వద్దు లైన్ చెప్పు అంటే సారాంశం, ఇక్కడ మాత్రం పాత దారం కొంచెం కనపడుతుంది, కథలు అల్లడం మనకీ ఉంది కాబట్టి. ఇక అమ్మాయికి లైనేయడం ఎక్కణ్ణుంచి వచ్చిందో గానీ, గాలం వేయడంతో పోల్చి చూస్తే నాకు చేపలు పట్టే దారమే గుర్తొస్తుంది, ఇది పూర్తిగా నా సొంత పైత్యం.

ఇవన్నీ సరదా లైన్లు. సరదా కానిది డెడ్‌లైన్. ఆఫీసులో రోజుకి పదిసార్లు అంటాం, ఇవాళే డెడ్‌లైన్, డెడ్‌లైన్ పొడిగించండి అని. అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో అది పొడిగించే వీలున్నది కాదు. జార్జియాలోని ఆండర్సన్‌విల్‌లో 1864లో దక్షిణాది సైన్యం ఒక ఖైదీల శిబిరం పెట్టింది. చుట్టూ దుంగల గోడ, దానికి లోపల కొన్ని అడుగుల దూరంలో సన్నటి కర్రల కంచె, అంతే, పిల్లవాడు కూడా దాటగలిగేది. దాన్ని దాటినవాణ్ణి కాపలావాళ్ళు కాల్చేయొచ్చు. ఆ కంచె పేరే డెడ్‌లైన్. మొత్తం 45,000 మంది ఖైదీలు వచ్చిన ఆ శిబిరంలో దాదాపు 13,000 మంది చనిపోయారు, ఎక్కువమంది తుపాకీకి కాదు, రోగాలకీ ఆకలికీ. శిబిరం నడిపిన హెన్రీ విర్జ్‌ని 1865 నవంబర్ 10న ఉరి తీశారు.

20వ శతాబ్దం మొదట్లో పత్రికాఫీసుల్లో ఆ మాట గడువుకి పేరైంది, ఫలానా టైముకి వార్త చేరకపోతే అచ్చులోకి ఎక్కదు. నేల మీద ఉన్న గీత గడియారంలోకి వెళ్ళింది, దాటితే పోయేది ప్రాణం బదులు వార్త అయింది. ఇప్పుడైతే అదీ పోదు, మేనేజర్ ముఖం చిట్లిస్తాడు.

ఇంతదాకా ఆలోచిస్తూ కూర్చున్నా, పాట నాలుగోసారో అయిదోసారో మొదలైంది, మధ్యలో ఆ గొంతు "మీరు లైన్లో రెండో వారు" అంది, హమ్మయ్య అనుకుని సర్దుకుని కూర్చున్నా. అంతలో కీచుమని ఒక శబ్దం, తర్వాత ఏమీ లేదు. లైన్ కట్టయిపోయింది. తెగడానికి తీగే లేనప్పుడు ఏం తెగిందో మరి. మళ్ళీ చేస్తే పదకొండో వాణ్ణట.