లింకన్‌షైర్ గుడి, డోర్నకల్ అలవాట్లు

మా అమ్మ ఆదివారం ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే, "ఇవాళ గుడికి ఎంతమంది వచ్చారే?" అని, మేం చర్చిని గుడి అనే అంటాం. నిజం చెప్తే మనసు కష్టపెట్టుకుంటుంది, అబద్ధం చెప్దామా అంటే ఆదివారం పూటాయె, అందుకే "వచ్చార్లే అమ్మా, చలి కదా" అని దాటేస్తుంటా. పొద్దున ఎనిమిదింటి ఆరాధనకైతే వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అందులో సగం మంది ఎనభై దాటినవాళ్ళే. డోర్నకల్ పక్కన పల్లెలో పుట్టి, గుడి అంటే చాపల మీద కిక్కిరిసి కూర్చోవడం, డోలక్, చెవులు చిల్లులు పడే మైకు, వెనకాల పిల్లల గోల, ఇవే అనుకుని పెరిగినదాన్ని, మొదట్లో నాకూ అలాగే అనిపించింది, ఇదేం గుడిరా బాబూ, ఎవరైనా పోయారా ఏంటి అందరూ ఇలా ఉన్నారు అని.

నేనుండేది ఇంగ్లండులో, లింకన్‌షైర్‌లో, బోస్టన్‌కి కాస్త అవతల. హాస్పిటల్లో నర్సుని. ఇక్కడ నేలంతా ఒకప్పుడు చిత్తడి, కాలువలు తవ్వి నీళ్ళు తోడేసి పొలాలు చేసుకున్నారు, ఎటు చూసినా క్యాబేజీ, బంగాళదుంప, మధ్యలో గాలి. ఎంత చదునంటే బోస్టన్‌లో సెయింట్ బొటాల్ఫ్ చర్చి గోపురం, జనం ముద్దుగా స్టంప్ అంటారు, ఎనభై మీటర్లు పైనే ఉంటుంది, అది మైళ్ళ దూరం నుంచి కనిపిస్తూనే ఉంటుంది. మాది అంత గొప్పదేం కాదు, పల్లెటూరి చర్చి ఆఫ్ ఇంగ్లండ్ గుడి. వికార్, అంటే మన పాస్టరు లాంటావిడ, ఒక్కావిడే చుట్టుపక్కల కొన్ని ఊళ్ళ గుళ్ళు కలిపి చూసుకుంటుంది, కారులో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పరిగెడుతూ ఉంటుంది పాపం. (ఆడవాళ్ళు ప్రీస్టులవడం ఇక్కడ 1994లో మొదలైంది, ఆ విషయంలో మన సీఎస్ఐ, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, వీళ్ళకంటే చాలా ముందుంది, ఇది చెప్పినప్పుడల్లా ఇక్కడివాళ్ళు నోరెళ్ళబెడతారు, నాకు అదో తృప్తి.)

నాకు ఇక్కడ బాగా నచ్చిన సంగతి, అర్థం కావడానికి టైం పట్టిన సంగతి కూడా, పారిష్ లెక్క. మన దగ్గర సంఘం అంటే సభ్యుల పుస్తకం, అందులో కుటుంబాల పేర్లు, పక్కన చందా ఎంత కట్టారో. ఇక్కడ పారిష్ అంటే నేల. ఇంగ్లండు మొత్తం ఇలా పారిష్‌లుగా గీసేసి పెట్టారు, ఏ ఇంట్లో ఉన్నా ఏదో ఒక పారిష్‌లో ఉన్నట్టే, నమ్మినా నమ్మకపోయినా. ఏడాదంతా గుడి గడప తొక్కనివాడు కూడా తన పారిష్ చర్చిలో పెళ్ళి చేసుకుంటానంటే అది వాడి హక్కు, గుడి చుట్టూ ఉన్న సమాధుల తోటలో చోటుంటే అక్కడ పూడ్చిపెట్టించుకోవడం కూడా హక్కే. మన దగ్గరైతే చందా బాకీ తీర్చేదాకా సమాధి ఆరాధనకి పేచీ పెట్టిన సంగతులు నేను చిన్నప్పుడు విన్నాను. అదీకాక మా ఊళ్ళో గుడి అంటే మా పేట గుడి, అంతే, ఊరి మిగతావాళ్ళకి ఆ గంట వినిపిస్తుంది గానీ అది వాళ్ళ గంట కాదు. ఇక్కడ ఎప్పుడూ ప్రార్థనకి రాని ముసలాయన ఒకాయన సమాధుల తోటలో గడ్డి కోయడానికి మాత్రం మెషీన్ వేసుకుని వచ్చేస్తాడు, అడిగితే "అది మా ఊరి చర్చి కదా" అంటాడు. దేవుడున్నాడో లేదో ఆయనకి అనవసరం, గడ్డి పెరగకూడదు అంతే.

మరీ మెచ్చేసుకుంటున్నానని అనుకోకండి, చిరాకులూ ఉన్నాయి. కొత్తలో ఒకావిడ కాఫీ చేతికిస్తూ, మంచిగానే, "ఇక్కడికి వచ్చాక క్రిస్టియన్ అయ్యావా?" అని అడిగింది. మా ముత్తాత బాప్తిస్మం తీసుకున్న డయాసిస్‌కి (ఒక బిషప్ కింద ఉండే గుళ్ళన్నీ కలిపి డయాసిస్) 1912లోనే ఇండియన్ బిషప్ ఉన్నాడండీ, మీ చర్చి ఆఫ్ ఇంగ్లండ్ కూడా ఉన్న ఆంగ్లికన్ చర్చి మొత్తంలో మొదటి ఇండియన్ బిషప్ మా డోర్నకల్ ఆయనే, అన్నాను. నమ్మలేదు, ఇంటికెళ్ళి వెతుక్కుని వచ్చే వారం సారీ చెప్పింది, అప్పటినుంచి మంచి స్నేహితురాలు. ఆ బిషప్ అజరయ్య గారిది తిరునెల్వేలి వైపు, తమిళాయన, తెలుగు నేర్చుకుని మన మధ్య బతికి 1945 జనవరి 1న డోర్నకల్లోనే కన్నుమూశాడు. ఆయన కట్టించిన కెథడ్రల్ ఫొటో ఆవిడకి చూపించా, 1939 జనవరి 6న ప్రతిష్ఠించింది, హిందువుల గుళ్ళో మంటపం లాగా స్తంభాలు, మసీదు లాగా గుమ్మటాలు. ఇది ఆంగ్లికన్ చర్చా అని కళ్ళజోడు పైకెత్తి మళ్ళీ మళ్ళీ చూసింది. ఈ రాతి గుడి ఇక్కడి మట్టిలోంచి వచ్చినట్టే అది మా మట్టిలోంచి రావాలని ఆయన పట్టుబట్టాడు అని చెప్పా. ఆ సంగతి అంత గర్వంగా నేను డోర్నకల్లో ఉన్నన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు, అక్కడ అది బస్టాండు నుంచి వచ్చేటప్పుడు కనిపించే బిల్డింగు, అంతే.

ఇంకో సరదా సంగతి సమాధానం, అంటే శాంతి, చెప్పుకోవడం గురించి. పదింటి ఆరాధనలో మధ్యలో అందరూ లేచి ఒకరికొకరు చెయ్యి కలిపి సమాధానం చెప్పుకుంటారు. ఇదేదో వీళ్ళ నుంచి మనకి వచ్చిందనుకుంటాం గానీ నిజానికి సీఎస్ఐ 1947 సెప్టెంబరు 27న మద్రాసులో పుట్టాక 1950లో తెచ్చిన ఆరాధన క్రమంలోనే ఇది ఉంది, ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకి గానీ ఇంగ్లండు గుళ్ళలోకి రాలేదు, వీళ్ళమీద మన క్రమం ప్రభావం ఉందని ఆరాధనల చరిత్ర రాసేవాళ్ళే ఒప్పుకుంటారు. మా ఊళ్ళో పెద్దవాళ్ళు దాన్ని ఎంత పద్ధతిగా చేసేవాళ్ళో, కుడి అరచేతిని కుడి అరచేతికి ఆనించి, ఎడమ చేత్తో ఎదుటివాళ్ళ చేతిని పైనుంచి మూసి పట్టుకుని, కళ్ళలోకి చూసి. నానమ్మ చేతులు గరుకుగా ఉండేవి, మిరప కోతల కాలంలో అయితే ఆ ఘాటు గుడి దాటి ఇంటికొచ్చినా నా చేతికి అంటుకునే ఉండేది. ఇక్కడ నేను మొదటిసారి అలవాటుగా రెండు చేతులతో పట్టుకుంటే ఆ పెద్దాయన బిగుసుకుపోయాడు. ఇప్పుడు ఆయనే రెండు చేతులూ చాపుకుని వస్తాడు, ఇంకెవరి దగ్గరా అలా చెయ్యడు గానీ.

ఎనిమిదింటి ఆరాధనలో మాత్రం ఈ చెయ్యి కలపడాలు ఉండవు. అది 1662 నాటి ప్రార్థన పుస్తకం ప్రకారం, పాటల్లేవు, వాయిద్యాల్లేవు, ప్రసంగం ఉంటే ఉంటుంది లేకపోతే లేదు. అసలు చెయ్యి కలపాల్సి వస్తుందేమో అన్న భయంతోనే ఎనిమిదింటికి వచ్చేవాళ్ళు కొందరున్నారని నా గట్టి అనుమానం. ఎవరి బెంచీలో వాళ్ళు, ఒకరికొకరు దూరదూరంగా, కోట్లు విప్పకుండా. కానీ ఒప్పుకోలు ప్రార్థన దగ్గర, చెయ్యాల్సినవి చెయ్యకుండా వదిలేశాం, చెయ్యకూడనివి చేశాం అనే చోట, అందరి గొంతులూ ఒకే ఊపిరి మీద నడుస్తాయి, ఎవరూ ఎవర్నీ చూడరు, కానీ ఎక్కడ ఆగాలో అందరికీ తెలుసు. ఎన్నో ఏళ్ళుగా కలిసి పలికితే తప్ప అది రాదు. నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చిన రోజు ఆ చెయ్యాల్సినవి చెయ్యలేదు అన్న మాట దగ్గర నాకు వార్డులో బెల్లు కొట్టి కొట్టి ఊరుకున్న పేషెంటు గుర్తొస్తారు, నలుగురు చెయ్యాల్సిన పని ఇద్దరం చేసిన రాత్రుల్లో అది ఎవరి తప్పో తేలదు, అయినా ఆ మాట అనేసి తలొంచుకుంటే కొంచెం దిగుతుంది. మైకులో అయ్యగారు మన తరఫున ఏడ్చి ప్రార్థన చేసే పద్ధతిలో నాకు ఈ సందు దొరికేది కాదు, అది మాత్రం నిజం.

మామూలు రోజుల్లో కూడా గుడి పగలంతా తీసే ఉంటుంది, కాపలా ఉండదు. ముఖమంటపంలో పిట్టలు లోపలికి దూరకుండా వైరు జాలీ తలుపు, దాని మీద దయచేసి వేసి వెళ్ళండి అని చేత్తో రాసిన అట్ట. లోపల పాలిష్ వాసన, పాత పుస్తకాల వాసన, చలికాలమైతే బయటకంటే లోపలే ఎక్కువ చలి. మోకాళ్ళు ఊనే దిండ్లు ఈ ఊరి ఆడవాళ్ళే ఎప్పుడో ఏళ్ళ తరబడి కుట్టినవి, ఒక్కో దాని మీద ఒక్కో బొమ్మ, క్యాబేజీ ఉంది, గుడ్లగూబ ఉంది, ఒకదాని మీద యుద్ధ విమానం, ఈ జిల్లా నిండా అప్పట్లో బాంబర్ల ఎయిర్‌ఫీల్డులే కదా. కుట్టినవాళ్ళ పేర్ల మొదటి అక్షరాలు, సంవత్సరం కింద అంచు మీద ఉంటాయి, మోకాళ్ళూని తలొంచితేనే కనిపిస్తాయి. నేను ఆ విమానం దిండు ఉన్న బెంచీలో కూర్చుంటా, ప్రార్థన అని చెప్పలేను, ఊరికే కూర్చుంటా, ఒక్కోసారి నిద్రపోతా. ఎవరూ వచ్చి ఏమైందమ్మా అని అడగరు. మన దగ్గర గుళ్ళో ఆడపిల్ల ఒక్కతే కూర్చుంటే సాయంత్రానికి పాస్టరమ్మ గారు ఇంటికొచ్చేస్తారు, అదీ ప్రేమే, కాదనను, కానీ కొన్ని రోజులు మనిషికి అడగనివాళ్ళు కావాలి.

ఆ నిశ్శబ్దం ఊరికే రాదని మాత్రం రోటాలో, అంటే పనుల వంతుల లిస్టులో, నా పేరు పడ్డాకే తెలిసింది. పూలకి ఒక లిస్టు, ఇత్తడి తోమడానికి ఒకటి, వాక్యం చదవడానికి, కాఫీకి, తలుపు తాళానికి, అన్నిటికీ లిస్టులే, హాస్పిటల్లో ఉన్నన్ని. పీసీసీ మీటింగు, అంటే మన పాస్టరేట్ కమిటీ లాంటిదే, అక్కడ వెనకాల ఒక సింకు పెట్టాలా వద్దా అన్నదాని మీద నేను చేరకముందు నుంచీ చర్చ నడుస్తోంది. సింకు పెట్టాలంటే ఒక బెంచీ తియ్యాలి, బెంచీ తియ్యాలంటే డయాసిస్ నుంచి ఫేకల్టీ అని పర్మిషన్ కావాలి, పర్మిషన్ కోసం ఆర్కిటెక్టు రిపోర్టు, రిపోర్టుకి డబ్బులు, ఈలోపు కప్పులు ఇంటికి తీసుకెళ్ళి కడిగి తెస్తున్నాం. 2025లో సభ్యుల రోల్ మొత్తం కొత్తగా రాశారు, ఆరేళ్ళకోసారి పాతది పక్కన పడేసి మళ్ళీ మొదటినుంచి రాస్తారు, ఎలక్టోరల్ రోల్ అంటారు, అందులో పేరుంటే ఏడాది మీటింగులో ఓటుంటుంది. వార్డెన్లని, అంటే గుడి బాగోగులు చూసే పెద్దల్ని, కూడా ఆ రోజే ఎన్నుకుంటారు. మన డయాసిస్ ఎలక్షన్లు చూసిన కళ్ళతో వెళ్ళా, కార్లు, గ్రూపులు, కోర్టు స్టేలు ఏమైనా ఉంటాయేమోనని, ఇక్కడ సమస్య తిరగబడింది, నిలబడేవాళ్ళే లేరు, ఉన్న వార్డెన్ గారు దిగిపోతానని బతిమాలుకుంటున్నాడు, అందరూ బూట్లు చూసుకుంటున్నారు.

నవంబరులో సమాధుల పండగ వీళ్ళకీ ఉంది. మన ఊళ్ళో లాగా సమాధులకి సున్నం వేసి, బంతిపూలు పరిచి, చీకటి పడేసరికి తోటంతా కొవ్వొత్తులు పెట్టి పిల్లలం మైనం పోగేసుకోవడం కాదు, సాయంత్రం గుడి లోపలే, పోయినవాళ్ళ పేర్లు చదువుతారు, ఒక్కో పేరుకి ఒక్కరు లేచి కొవ్వొత్తి వెలిగిస్తారు. పేర్లు రాయమని వెనకాల కాగితం పెడితే నేను నానమ్మ పేరు ఇంటిపేరుతో సహా రాశా. గురువారం సాయంత్రం వార్డెన్ గారు ఇంటికే వచ్చాడు, వానలో, టోపీ తీసి గుమ్మం దగ్గరే నిలబడి, "ఇది ఎలా పలకాలో చెప్తావా, తప్పు చదివితే బాగోదు" అన్నాడు. లోపలికి రమ్మంటే టీ వద్దంటూనే కూర్చున్నాడు, ముక్కలు ముక్కలుగా తన పద్ధతిలో కవరు వెనక రాసుకున్నాడు, ళ దగ్గర నాలుక తిరక్క నవ్వుకున్నాడు, మళ్ళీ మళ్ళీ అన్నాడు. ఆదివారం ఆ కవరే జేబులోంచి తీసి చదివాడు. సరిగ్గా పలికాడని చెప్పను, కానీ మిరప చేలో కూలికి పోయిన మనిషి, రోజూ వండేముందు కుండలోంచి ఒక పిడికెడు బియ్యం తీసి దేవుడికని పక్కన పెట్టిన మనిషి, ఆవిడ పేరు ఇంగ్లండులో ఒక పల్లెటూరి గుళ్ళో వినిపించింది. వీడియో తీయలేదని అమ్మ ఇప్పటికీ తిడుతుంది.

ఆ పిడికెడు బియ్యం సంగతి కాఫీ దగ్గర చెప్తే అక్కడినుంచి మాట కోతపండగ మీదికి మళ్ళింది. వీళ్ళకీ సెప్టెంబరు, అక్టోబరుల్లో హార్వెస్ట్ ఉంటుంది, గుడి కిటికీల నిండా గుమ్మడికాయలు, ఆపిల్స్, డబ్బా సరుకులు పేర్చి, పాట పాడి, అవన్నీ ఫుడ్ బ్యాంక్‌కి పంపేస్తారు, మంచి పనే. మా దగ్గర వేలంపాట వేస్తామండీ అన్నాను, ఎవరో తెచ్చిన నాటుకోడినో, మొదటి గెలనో పాడి, పాడుకున్నాయన మళ్ళీ దేవుడికే ఇచ్చేస్తే దాన్ని మళ్ళీ పాడి, ఒక కోడిగుడ్డు చుట్టూ బావా బావమరుదులు పంతానికి పోయి దాని రేటు వందలు దాటించడం నేను చూశాను అని. ట్రెజరర్ గారు బిస్కెట్టు కప్పులో ముంచి అలాగే మర్చిపోయాడు, అది విరిగి కాఫీలో పడిపోయింది. "ఒక గుడ్డుకా?" అన్నాడు. ఒక గుడ్డుకే అన్నా. ఆ తర్వాతి పీసీసీ అజెండాలో సింకు కింద నాలుగో అంశంగా పెట్టారు, పాస్ అయిపోయింది కూడా, డబ్బా సరుకులు ఎప్పట్లాగే ఫుడ్ బ్యాంక్‌కి, కూరగాయలు మాత్రం వేలానికి, వచ్చిన డబ్బు బాయిలర్ ఫండుకి. వేలంపాట నడపాల్సింది నేనే అట. మా ఊళ్ళో ఆ పని ఎప్పుడూ మగవాళ్ళదే, గొంతు చించుకుని ఒకటోసారి, రెండోసారి అని అరిచేవాళ్ళు, మా మేనమామ అందులో దిట్ట. నిన్న రాత్రి ఆయనకి ఫోన్ చేశా, మామయ్యా చెయ్యి కలపడానికే సిగ్గుపడే జనం చేత రేటు ఎలా పెంచాలి అని. "ముందు వాళ్ళల్లో ఎవరికి ఎవరితో పడదో కనుక్కోవే పిల్లా" అన్నాడు. నాకు తెలుసు, పూల లిస్టు దగ్గర ఇద్దరున్నారు.