చిన్నాయన గొర్లు, కరమోజా ఆవులు

పోయిన ఎండాకాలం మా చిన్నాయనయి పదకొండు గొర్లు పోయినయ్. దేవరకద్ర దిక్కు చేన్ల మంద పెట్టి గొంగడి కప్పుకొని పండుకున్నడు, తెల్లారి లేసి చూస్తే ట్రాలీ ఆటో టైర్ల గుర్తులే మిగిలినయ్. "నా చేతుల కట్టె తప్ప ఏముందిరా" అని ఏడ్సిండు, ఆ మాట నాకు ఇంకా చెవులల్లనే ఉంది.

అప్పటిసంది ఆఫ్రికా కాపరుల గురించి చదువుతున్న. కెన్యాల తుర్కానా, పోకోట్, ఉగాండాల కరమోజా ఇలాకా కరమోజోంగ్, వీళ్లు ఒకరి ఆవుల్ని ఒకరు తోలుకపోవుడు పాతదే, పెండ్లికి ఆవులే ఓలి, కరువుల మంద సస్తే మళ్ల నింపుకోవాలె, కానీ అప్పుడు బల్లేలతోని కొట్లాట. 1979ల ఉగాండా నియంత ఇదీ అమీన్ గద్దె మీదికెళ్లి పడిపోయినంక కరమోజాల ఉన్న మొరోటో మిలిటరీ బ్యారక్స్‌ల తుపాకులు కరమోజోంగుల చేతికొచ్చినయ్, సుడాన్, సోమాలియా యుద్ధాలల్లయి గూడ బార్డర్ దాటొచ్చినయ్, ఇగ ఏకే-47 లేకుంటే మంద కాయలేని రోజులు. 2012 నవంబర్ల కెన్యాల బరగోయ్ దగ్గర ఆవుల దొంగల ఎన్క పోయిన పోలీసులే 40 మందికి పైన సచ్చిపోయిండ్రు.

ఉగాండా సర్కార్ 2001ల, మళ్ల 2006ల తుపాకులు గుంజుకుంది గానీ, ఇచ్చేసినోళ్ల మందల మీద ఇయ్యనోళ్లు పడ్డరు. కాపలా పెట్టకుండ తుపాకి ఒక్కటే అడుగుడు అన్యాయమనే నేనంట.

ఇదంత చిన్నాయనకు చెప్పిన. చానాసేపు ఊకున్నడు, "ఆళ్ల పిల్లలు గూడ మంద కాడ్నే పండుకుంటరా?" అనడిగిండు.