మడత కలంతో తెలుగు అక్షరం: నా అనుభవం

కూల్‌డ్రింక్ టిన్ను రేకుతో చేసుకునే మడత కలం (అందంగా అక్షరాలు రాసే కాలిగ్రఫీలో వాడే ఫోల్డెడ్ పెన్) గీతకు ఊపునిస్తుంది. దాని మీద దొరికే పాఠాలు ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాలకు. అక్కడ నిలువు గీతలెక్కువ, పైనుంచి కిందికి లాగితే చాలు. మన ర, ద, ప గుండ్రాలు కాబట్టి సగం గీత పైకి నెట్టాల్సిందే. నాకు తిప్పలన్నీ ఆ సగంలోనే.

టిన్ను పైనా కిందా కత్తిరించి, కడిగి, 6 సెంటీమీటర్ల పొడవు, 5 వెడల్పు ముక్క తీసుకోండి. లోపలి పూత మీద ఇంకు తామరాకు మీద నీళ్లలా జారుతుంది, అందుకే మడిచే ముందే సన్న గరుకు కాగితంతో రుద్దాలి. అగరుబత్తి పుల్ల చుట్టూ పొడవునా మడిచి పుల్ల తీసేస్తే ఇంకు నిలిచే చోటు మిగులుతుంది. విడిగా ఉన్న అంచుల్ని ముందువైపు చేప పొట్టలా వంపుగా కత్తిరించి, వెనక భాగాన్ని పెన్సిల్‌కు టేపుతో చుట్టండి. అంచులు కూడా నునుపు చేయాలి, లేకపోతే కాగితం నారలు లేస్తాయి. రేకుల మధ్య సందు కాగితం మందమే ఉండాలి. బిగిస్తే ఇంకు దిగదు, వదులైతే ఒక్కసారే కుమ్మరిస్తుంది.

ఇంకులో ముంచొద్దు. డ్రాపర్‌తో నాలుగైదు చుక్కలు సందులో వేయండి. విజయవాడ మే ఎండల్లో ఫ్యాను కింద కలం అంచునే ఇంకు ఎండిపోతుంది. 30 మిల్లీలీటర్లకు రెండు చుక్కల గ్లిజరిన్ కలిపితే కాస్త ఆగుతుంది. ఎక్కువైతే గీత ఆరదు. వానాకాలంలో కాగితం చెమ్మ పట్టి గీత అంచులు పాకుతాయి, షీట్లను పాలిథీన్ కవర్లో దాచాలి. 150 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) దాటిన కార్ట్రిడ్జ్ కాగితం, అంటే బొమ్మలు గీసే మందపాటి కాగితం చాలు, ఏలూరు రోడ్డు స్టేషనరీ షాపుల్లో అడగండి. ఖరీదైన కాగితం మొదట్లో దండగ, పాడవుతుందన్న భయంతో చెయ్యి బిగుసుకుంటుంది.

నిలబడి రాయాలి, కదలాల్సింది మణికట్టు కాదు, భుజం. అక్షరం కనీసం 10 సెంటీమీటర్లు. మొన తాకిస్తే సన్నం, పొట్ట ఆనిస్తే లావు. తలకట్టుతో మొదలుపెట్టండి: కిందికి చిన్న దెబ్బ, అక్కణ్నుంచి కుడి పైకి ఒక్క విసురు. నెమ్మదిగా లాగితే మడుగు కడుతుంది. వేగంగా లాగితే చివర గీత చీలి కాగితం తెలుపు కనిపిస్తుంది; మనకు కావలసింది అదే.

ర సున్నాను ఒకే ఊపులో తిప్పితే కుడివైపు పైకి వెళ్లేటప్పుడు మొన కాగితంలో గుచ్చుకుని ఇంకు చిమ్ముతుంది. ఎడమ సగం పైనుంచి, కుడి సగం మళ్లీ పైనుంచి గీయండి. కింద వెంట్రుకంత ఖాళీ వదిలితే తడి మీద తడి పడి మచ్చ కట్టదు. కలాన్ని వేళ్ల మధ్య తిప్పడం అలవాటయ్యాకే ఒకే గీత.

చిమ్మిన చుక్కలు ఇంగ్లీషులో అందం. తెలుగులో ద పొట్ట కింద పడితే ధ, ప కింద పడితే ఫ! కాబట్టి ఊపంతా తలకట్టు, దీర్ఘం, క్రావడిలకు వదలండి, అక్షరం పొట్ట జోలికి పోనివ్వకండి. శ్రీ రాస్తే శ, గుడిదీర్ఘం ఇరుగ్గా ముగించి, కింద కుడి నుంచి ఎడమ మీదుగా పైకి చుట్టే క్రావడిని ఆఖర్న విసరండి. దానికి షీటులో ఎడమవైపు మూడో వంతు ముందే వదిలిపెట్టాలి.