ఫోర్నియర్ స్ట్రీట్ ఇళ్ళు: ఇటుక వెనక ఏముంది?

లండన్‌లో నాది పాత ఇళ్ళ మరమ్మతు పని. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కట్టించి వచ్చినవాణ్ణి కాబట్టి మొదట్లో చికాకేసింది. పిల్లర్ లేదు, స్లాబు లేదు, బరువంతా గోడల మీదే. ఇంటికీ ఇంటికీ మధ్య ఉమ్మడి గోడ ఒక్కటే. దాన్ని పార్టీ వాల్ అంటారు. అందులో ఒక దూలం దూర్చాలన్నా 1996 నాటి చట్టం ప్రకారం పక్కింటివాళ్ళకు ముందే నోటీసు ఇవ్వాలి. వాళ్ళు ఊఁ అనేదాకా మనకు టెన్షన్.

మేం ఎక్కువగా స్పిటల్‌ఫీల్డ్స్ వైపు తిరుగుతుంటాం. అక్కడి ఫోర్నియర్ స్ట్రీట్‌లో చాలా ఇళ్ళు 1720లలో కట్టినవే. వీధిలోంచి చూస్తే ముందు గోడ ముచ్చటగా ఉంటుంది. ఒక ఇటుక పొడుగ్గా, పక్కది అడ్డంగా, వరస ఎక్కడా తప్పదు. అడ్డంగా పెట్టిన ఇటుక లోపలిదాకా వెళ్ళి వెనక వరసను పట్టుకోవాలి. ఆ కాలపు ఇళ్ళలో పరంజా ఎక్కి వదులైన ఇటుక లాగితే చాలాసార్లు చేతికి సగమే వస్తుంది! మంచి ఇటుక ఖరీదని దాన్ని రెండు ముక్కలు చేసి, ముఖాలు మాత్రమే పైకి కనిపించేలా పెట్టారు. వెనకంతా నాసిరకం ఇటుక, మధ్యమధ్య చెక్క పట్టీలు. ఆ చెక్క పుచ్చితే ముందు పొర ఉబ్బుతుంది. స్టీలు కడ్డీలు దూర్చి దాన్ని వెనక గోడకు కట్టేస్తాం.

ఆ బిల్డర్లను పూర్తిగా తప్పుపట్టలేను. అప్పటి లండన్‌లో చాలామంది స్థలం లీజుకు తీసుకుని, అమ్ముకోవడానికే కట్టారు. గడువు తీరితే ఇల్లు కూడా స్థలం యజమానిదే. ఇక మూడు వందల ఏళ్ళు నిలవాలని ఎవడు కడతాడు?

అసలు చేటు తర్వాత వచ్చిన సిమెంటు చేసింది. పాత సున్నం గీకేసి సందుల్లో సిమెంటు కూరారు. పాత ఇటుక మెత్తన, సిమెంటు గట్టిది. తేమ బయటికి పోయే దారిలేక ఇటుకలోనే నిలిచి, చలికి గడ్డకట్టి, ముఖం పెచ్చులుగా రాలిపోతుంది. మన డంగు సున్నం సంగతి తెలిసిన తాపీమేస్త్రీకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

నాకు బాగా నచ్చేవి అటక గదులు. 1685 తర్వాత ఫ్రాన్స్ వదిలి పారిపోయి వచ్చిన హ్యూగెనాట్లు, అంటే ఫ్రెంచి ప్రొటెస్టెంట్ క్రైస్తవులు, ఈ చుట్టుపక్కల పట్టు నేసేవారు. సన్నటి పోగులకు వెలుతురు కావాలి కనుక మగ్గాలు ఇంటి నెత్తికెక్కాయి, కిటికీలు వెడల్పయ్యాయి. మా మంగళగిరిలో గుంట మగ్గం నేలలోకి దిగుతుంది!

వీధి చివర, బ్రిక్ లేన్ మూలన, హ్యూగెనాట్లు 1743లో కట్టుకున్న ప్రార్థనాలయం ఉంది. తర్వాత అది మెథడిస్టులనే ఇంకో క్రైస్తవ శాఖవాళ్ళదైంది, 1898లో యూదుల సినగాగ్, 1976లో మసీదు. 1977లో పక్కనే ఎల్డర్ స్ట్రీట్‌లో పాత ఇళ్ళు కూల్చబోతుంటే పాత కట్టడాలను కాపాడే స్పిటల్‌ఫీల్డ్స్ ట్రస్టు వాళ్ళు లోపల మకాం వేసి ఆపారు.

ఇప్పుడు అలాంటి ఇల్లు కొనాలంటే మిలియన్ల పౌండ్లు. మా గ్యాంగులో రొమేనియా మేస్త్రీలు, పోలండ్ వడ్రంగి, నేను. అందరం దూరం నుంచి రైల్లో వచ్చేవాళ్ళమే. ఈస్ట్ హామ్‌లో నేనుండేదీ ఇటుక టెర్రస్ ఇల్లే, అంటే వరసగా ఒకదానికొకటి అంటుకున్న ఇళ్ళలో ఒకటి. దానికీ సిమెంటే కూరారు. ఓనరుకి చెప్పాను, వచ్చే ఏడు చూద్దామన్నాడు.