గుల్‌మార్గ్‌లో తొలి మంచు పడింది, టికెట్లు మాత్రం ఇప్పుడే కొనకండి

నిన్న పొద్దున ఆరున్నరకి ప్రకాశం బ్యారేజీ మీద వస్తుంటే కృష్ణ అసలు కనపడలేదు. ఎదురొచ్చే బండి లైటు తప్ప ఏమీ లేదు, గేట్లు లేవు, భవానీ ద్వీపం లేదు, కొండ మీద అమ్మవారి గుడి లైట్లు కూడా సగమే. వెనక కూర్చున్న తమ్ముడు ఫోన్ నా చెవి దగ్గరికి తెచ్చి "అక్కా, గుల్‌మార్గ్‌లో మంచు పడిందంట, వీడియో వచ్చింది" అన్నాడు. ఇక్కడా మంచే, అక్కడా మంచే. మన తెలుగులో పొగమంచూ మంచే, గడ్డి మీద తడీ మంచే, హిమాలయాల్లో మోకాళ్ల లోతు పడేదీ మంచే. అందరినీ ఒకే పేరుతో పిలుస్తాం కాబట్టి వాటి తేడాలు మనకు తట్టవు. నాకూ తట్టలేదు, అక్కడికి వెళ్లేదాకా.

ఆ వీడియో సాయంత్రానికల్లా మా ఆఫీసు గ్రూపులో, అపార్ట్‌మెంట్ గ్రూపులో, పిన్ని వాళ్ల గ్రూపులో కూడా తిరిగింది. కాశ్మీర్‌లోని ఆ ఊరికి నేను రెండుసార్లు వెళ్లొచ్చానని తెలుసు కాబట్టి "డిసెంబర్ మొదటివారం వెళ్తే స్కీయింగ్ చేయొచ్చా?" అని ఇప్పటికి నలుగురు అడిగారు. నలుగురికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నాను. నా జవాబు ఒక్కటే: మంచు చూడాలంటే వెళ్లండి, స్కీలు, అంటే ఆ పొడవాటి పలకలు కాళ్లకి కట్టుకుని మంచు మీద జారాలంటే ఆగండి.

నేను ఆగలేదు. మొదటిసారి ఇలాగే నవంబర్ వీడియో చూసి, ఒక ట్రావెల్స్ ఆయన "ఫుల్ స్నో మేడమ్, ఈసారి ముందే వచ్చేసింది" అంటే నమ్మి, డిసెంబర్ రెండోవారానికి గన్నవరం నుంచి ఢిల్లీ, ఢిల్లీ నుంచి శ్రీనగర్ ఫ్లయిట్లు బుక్ చేశాను. ఆయన అబద్ధం చెప్పాడని ఇప్పటికీ అనలేను, మంచు నిజంగానే ముందే పడింది. కానీ మేము దిగేసరికి పడింది పడ్డట్టే సగం కరిగి, మిగిలిన సగం గడ్డకట్టి, పచ్చిక మధ్య మధ్యలో గోధుమరంగులో బయటికి కనపడుతోంది. నాన్నగారు ఇచ్చిన డబ్బులూ నేను ఏడాదిపాటు దాచుకున్నవీ కలిపి పెట్టిన ట్రిప్. ఆ మొదటి సాయంత్రం హోటల్ కిటికీలోంచి ఆ మచ్చల మచ్చల మైదానం చూసి తమ్ముడూ నేనూ ఏమీ మాట్లాడుకోలేదు.

మర్నాడు మా ఇన్‌స్ట్రక్టర్, గుల్‌మార్గ్‌కి కిందనున్న టంగ్‌మర్గ్ వైపు ఊరాయన, బేస్ గురించి చెప్పాడు. పైన మెత్తగా కనిపించేది కాదు, దాని కింద ఎంత గట్టిగా అణిగిందన్నదే లెక్క. కొత్తగా ఒక అడుగు మంచు పడిందంటే అది మర్నాటికల్లా తన బరువుకి తనే కుంగిపోతుంది, రెండు మూడు రోజుల్లో సగం కావచ్చు. ఒక సెంటీమీటరు వాన అయ్యే నీరు మంచుగా పడితే దాదాపు పది సెంటీమీటర్లు అవుతుంది, బాగా చలిగా ఉంటే ఇంకా ఎక్కువ. అంటే వీడియోలో అంత ఎత్తుగా కనిపించేదాంట్లో ఎక్కువ భాగం గాలే. ఆ గాలి పోవాలి, దాని మీద మళ్లీ పడాలి, యంత్రాలూ జనం తొక్కీ అణగాలి, రాత్రి బిగుసుకోవాలి. అలా పొరలు పొరలుగా పేరుకుంటేనే బేస్. గుల్‌మార్గ్ మైదానం దాదాపు 2650 మీటర్ల ఎత్తులో ఉంటుంది, కింద మెత్తటి పచ్చిక, కాబట్టి నేర్చుకునేవాళ్లకి అణిగిన మంచు ఒక అడుగున్నా పని జరుగుతుంది. పైకి గొండోలాలో, అంటే కేబుల్ కారులో, రెండో దశ దాకా, అఫర్వత్ కొండ మీద దాదాపు 3950 మీటర్లకి వెళ్తే కింద ఉన్నది బండరాళ్లు. వాటిని కప్పాలంటే మనిషి నడుము లోతు కావాలి. నవంబర్ మంచు రాళ్లను పూడ్చదు, కనపడకుండా మాత్రం చేస్తుంది. అదే ప్రమాదం.

అది నాకు చెవితో తెలిసింది. రెండోరోజు పిల్లలు నేర్చుకునే చిన్న వాలు మీదే, స్కీల ముందు కొసలు దగ్గరికీ వెనక కొసలు దూరానికీ పెట్టి బ్రేక్ వేయడం నేర్చుకుంటూ మెల్లగా దిగుతున్నాను. కాళ్ల కింద సన్నగా సుయ్‌మని ఒక చప్పుడు ఉంటుంది, చాలా హాయిగా ఉంటుంది అది. ఉన్నట్టుండి ఆ చప్పుడు మారి గరగరమని సిమెంటు గచ్చు మీద బీరువా జరిపినట్టు వచ్చింది, ఎడమ కాలు ఆగిపోయింది, నేను ఆగలేదు. దెబ్బ పెద్దగా తగల్లేదు, బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్ ఊడింది కాబట్టి మోకాలు బతికింది. స్కీ తిరగేసి చూస్తే అడుగున చేతి పొడవు గీత, గోరు పెడితే దిగేంత లోతు. అద్దెకిచ్చిన షాపాయన ఆ గీతకి విడిగా డబ్బులు తీసుకున్నాడు. ఆ మంచులో అద్దెకి ఇచ్చేముందు రాళ్లున్నాయని ఒక్కమాట చెప్పి ఉండాల్సింది అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ ఆ స్కీని బాగుచేయడం చూడ్డం మాత్రం బాగుంది. ప్లాస్టిక్ కడ్డీకి కొవ్వొత్తిలా మంట పెట్టి, కరిగిన బొట్లు గీతలో పడేలా పట్టుకున్నాడు, చల్లారాక ఇనుప రేకుతో చెక్కేశాడు. ఆ తర్వాత పాత ఇస్త్రీపెట్టె వేడిచేసి మైనం రాసి అడుగంతా ఇస్త్రీ చేశాడు, మన వీధి చివర ఇస్త్రీ బండి ఆయన చీర అంచు మీద పోనిచ్చినంత జాగ్రత్తగా.

ఆరోజు మధ్యాహ్నం మా ఇన్‌స్ట్రక్టర్ మమ్మల్ని ఎండ తగలని ఒక గట్టు నీడకి తీసుకెళ్లి, అక్కడ మిగిలిన పాత మంచుని చేత్తో తవ్వమన్నాడు. పైన అప్పడంలా పలచటి పెళుసు పొర. దాని కింద నేలకి ఆనుకుని ఉన్న మంచుని గుప్పిట్లోకి తీసుకుంటే ముద్ద కట్టలేదు. నెయ్యి చాలని సున్నుండల పిండితో ఉండ చుట్టబోతే ఎలా జారిపోతుందో అలా వేళ్ల సందుల్లోంచి పంచదార పలుకుల్లా రాలిపోయింది. "దీదీ, ముందే వచ్చిన మంచు ఇలా అయిపోతుంది, జనవరిలో మనుషుల్ని చంపేది ఇదే" అన్నాడు. తర్వాత చదివితే విషయం అర్థమైంది. నేల దగ్గర ఉష్ణోగ్రత సున్నాకి అటూ ఇటూగా ఉంటుంది, పైన రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే మైనస్ పదిహేనుకి పోతుంది. మధ్యలో మంచు పొర పలచగా ఉంటే ఆ తేడా అంతా ఆ కొద్ది లోతులోనే ఉంటుంది కదా, దాంతో అడుగునుంచి ఆవిరి పైకి లేచి, గింజల మధ్య పట్టు పోయి, ఒకదానికొకటి అంటుకోని పలుకులుగా మారిపోతుంది. దాని మీద జనవరిలో రెండు మూడు అడుగుల కొత్త మంచు ఒక్కసారిగా పడితే ఆ బరువు నిలబడేది ఆ పలుకుల మీదే. స్కీ వేసుకున్న మనిషి ఒక్కడు దాటినా చాలు, వాలు మొత్తం కదిలిపోవచ్చు.

2024 సంగతి గుర్తుందేమో. ఆ జనవరిలో గుల్‌మార్గ్ దాదాపు నెలంతా బోడిగా ఉంది, ఆ ఫోటోలు దేశమంతా చూసింది. తర్వాత నెలాఖరు నుంచి పడటం మొదలై ఫిబ్రవరిలో దండిగా పడింది, 22న అఫర్వత్ వాలు మీద మంచు చరియ విరిగిపడి రష్యా నుంచి వచ్చిన స్కీయర్ ఒకాయన చనిపోయాడు. 2025లో ఫిబ్రవరిలో అక్కడ జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు చాలక వాయిదా పడి మార్చిలో జరిగాయి. అందుకే "మంచు పడిందా లేదా" అని అడగడం సరిపోదు. ఎప్పుడు పడింది, దాని తర్వాత ఎన్ని రాత్రులు ఎండుగా గడిచాయి, దాని మీద ఎంత పడింది, ఇవన్నీ కలిపితేనే తెలుస్తుంది.

అక్కడివాళ్లు ఆకాశం చూసే తీరు చూస్తే నాకు మా తెనాలి తాతయ్య గుర్తొచ్చారు. మనకి రోహిణికార్తెలో రోళ్లు పగులుతాయన్నట్టు వాళ్లకి చిల్లై కలాన్ అనే గడ్డు చలికాలం ఉంది. డిసెంబర్ 21న మొదలై నలభై రోజులు, దాని తర్వాత చిల్లై ఖుర్ద్ ఇరవై రోజులు, చివర చిల్లై బచ్చా పది రోజులు. ఆ నలభై రోజుల్లో పడిన మంచే నిలుస్తుందంటారు, చలికి గట్టిపడి ఎండాకాలం దాకా కొండమీద ఉండి మెల్లగా కరిగి జీలం నదికి నీళ్లిస్తుంది. ఫిబ్రవరి చివర, మార్చిలో ఎంత పడినా ఎండ ముదురుతుంది కాబట్టి త్వరగా పోతుంది. సాగర్ కాలువకి నీళ్లు ఎప్పుడు వదులుతారా అని మనవాళ్లు చూసినట్టే వాళ్లు ఈ మంచు కోసం చూస్తారు. మనకి బంగాళాఖాతంలో వాయుగుండం ఎలాగో వాళ్లకి మధ్యధరా సముద్రం వైపు నుంచి ఇరాన్, అఫ్ఘానిస్తాన్ మీదుగా వచ్చే పశ్చిమ అలజడులు అలాగ. అది వస్తేనే మంచు.

ముందే వచ్చినా వాళ్లకి నష్టమే. 2019 నవంబర్ మొదటివారంలో ఒక్కసారిగా భారీగా పడినప్పుడు ఆపిల్ చెట్లకి ఇంకా ఆకులున్నాయి, కొన్నిచోట్ల కాయలూ ఉన్నాయి. ఆకుల మీద మంచు బరువు నిలిచి కొమ్మలు చీలిపోయాయి. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతకొచ్చిన వరి నీళ్లలో పడిపోవడం మన కళ్లతో చూశాం కదా, అలాంటి బాధే అది. తొలి మంచు వీడియో చూసినప్పుడల్లా నాకు ఇప్పుడు మొదట ఆ చెట్లు గుర్తొస్తాయి.

రెండోసారి సంక్రాంతి వెళ్లాక, జనవరి ఆఖర్లో వెళ్లాను. అదే మైదానం, గుర్తుపట్టలేకపోయాను. కంచె కర్రలు కొసలు మాత్రమే కనపడుతున్నాయి. టంగ్‌మర్గ్ దగ్గరే మా కారు ఆపి చక్రాలకి గొలుసులు కట్టిన బండిలోకి మార్చారు, అక్కడినుంచి పైకి పదమూడు కిలోమీటర్లు. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌కి భారత్ తరఫున వెళ్లిన ఒకే ఒక్క క్రీడాకారుడు ఆరిఫ్ ఖాన్‌ది ఈ ఊరి దగ్గరే అని డ్రైవరు ఎంత గర్వంగా చెప్పాడో. జెయింట్ స్లాలమ్ అనే స్కీ పందెంలో ఆయన 45వ స్థానంలో నిలిచాడు. ఈసారి అదే చిన్న వాలు మీద మూడు రోజుల్లో మలుపు తిరగడం వచ్చింది నాకు. ఆ సుయ్‌మనే చప్పుడు ఎక్కడా తెగలేదు.

వెళ్లాలనుకునేవాళ్లకి తెలిసినంత చెప్తాను. మొదటిసారి నేర్చుకునేవాళ్లకి గొండోలా రెండో దశతో పనే లేదు, మైదానంలోని చిన్న వాలులే మీ స్కూలు. పైకి చూడ్డానికి వెళ్లినా గాలి ఎక్కువుంటే రెండో దశ ఆపేస్తారు, కాబట్టి ఒక్కరోజు ప్లాన్ పెట్టుకుని టెన్షన్ పడకండి, కనీసం నాలుగైదు రోజులు ఉంచుకోండి. తాళ్లు కట్టి సరిచూసిన దారులు దాటి పక్కకి మాత్రం పోవద్దు, ఎవరెంత ధైర్యం చెప్పినా సరే, ఆ పంచదార పలుకులు పైనుంచి ఎవరికీ కనపడవు. బూటు వేసుకున్నప్పుడు మడమ లేవకూడదు, వేళ్లు కదలాలి, అలా లేకపోతే మొహమాటపడకుండా మార్చమనండి. మంచుమీద ఎండ మన మే నెల ఎండ కన్నా కళ్లకి ఘాటుగా ఉంటుంది, నల్ల కళ్లద్దాలు తప్పనిసరి. ఫ్లయిట్ ఖర్చు ఎక్కువనుకుంటే విజయవాడ నుంచి కాట్రాకి అండమాన్ ఎక్స్‌ప్రెస్ ఉంది, 2025 జూన్ నుంచి కాట్రా నుంచి శ్రీనగర్‌కి రైలు కూడా నడుస్తోంది, చీనాబ్ వంతెన మీదుగా.

తేదీలు మాత్రం జనవరి మూడోవారం నుంచి ఫిబ్రవరి నెలాఖరు లోపు చూసుకోండి. అప్పుడు కూడా వారం ముందు అక్కడ ఉండే మనిషికి ఫోన్ చేసి, మైదానంలో అణిగిన మంచు ఎంత ఉంది అని ఆ ఒక్క ప్రశ్నే అడగండి.

నేనూ అడిగాను, నిన్న రాత్రి మా ఇన్‌స్ట్రక్టర్‌ని. ఈ పొద్దున వాయిస్ మెసేజ్ పెట్టాడు. వెనకాల కాకులు అరుస్తున్నాయి, బూట్ల కింద మంచు కరకరలాడుతోంది. "దీదీ, ఇప్పుడే చెయ్యి పెట్టి చూశాను, మణికట్టు దాకా వచ్చింది, కింద గడ్డి తగులుతోంది. మీ పండగ అయ్యాక మళ్లీ చూసి చెప్తాను" అన్నాడు. తమ్ముడు రెండుసార్లు విన్నాడు. ఈ ఆదివారం నుంచి ఇద్దరం మంగళగిరి మెట్లు ఎక్కాలనుకుంటున్నాం, ఎక్కడం కాదు దిగడమే తొడలకి ప్రాక్టీసు అని వాడంటాడు.